రెండూ కవలపిల్లల్లాంటి గిటార్లే, ఒకదాని హార్డ్‌వేర్ బాగుంది, ఇంకోటి చేతికి బాగుంది, ఏది తీసుకోను?

ఆరోతీగ:

అందరికీ నమస్తే. రెండు వారాల నుంచి ఇదే గోల నాకు, ఇంట్లో వాళ్ళు కూడా విసిగిపోయి ఏదో ఒకటి కొని పడెయ్ అంటున్నారు. బ్రాండ్ పేర్లు కావాలనే చెప్పట్లేదు, చెప్తే అసలు సంగతి పక్కన పెట్టి అందరూ బ్రాండ్ల మీద కొట్టుకుంటారు. ఒకటి నీలం రంగుది, ఇంకోటి ఎర్రది. అలాగే పిలుద్దాం.

రెండూ స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) షేపే. రెండూ 25.5 ఇంచుల స్కేల్, అంటే తీగ మోగే పొడవు. రెండిట్లో పికప్పులు కూడా ఒకటే, బ్రిడ్జ్ (తీగల కింది చివర) దగ్గర హంబకర్ అంటే రెండు చుట్లది, మిగతా రెండు సింగిల్ కాయిల్స్. రేటు కూడా అటూ ఇటూగా ఒకటే.

నీలందాంట్లో లాకింగ్ ట్యూనర్లు (తీగని బిగించి పట్టుకునే శృతి మరలు), రెండు పోస్టుల ట్రెమొలో (బార్ నొక్కితే ఊగే బ్రిడ్జ్), స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు, 12 ఇంచుల రేడియస్ (ఫింగర్‌బోర్డ్ వంపు), నెక్ వెనక మెరుపు లేని శాటిన్ ఫినిష్. నెక్ బాగా సన్నం. ఎర్రదాంట్లో మామూలు ట్యూనర్లు, ఆరు స్క్రూల పాతకాలం ట్రెమొలో, మామూలు నికెల్ ఫ్రెట్లు, 9.5 రేడియస్, నెక్ కాస్త లావు, వెనకాల మెరిసే గ్లాసీ ఫినిష్. కాగితం మీద చూస్తే పోటీయే లేదు, నీలందే.

కానీ ఎర్రది చేతిలోకి తీసుకున్నాక కింద పెట్టబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను, అరచేయి నిండుగా పట్టుకున్నట్టు ఉంది, బార్ కార్డ్స్ (ఒకే వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేవి) వేస్తే వేలు దానంతట అదే పడుకుంది. అయితే దాంట్లో రెండు చిరాకులు ఉన్నాయి. బెండ్ చేస్తుంటే, అంటే తీగని పక్కకి లాగుతుంటే, కింద ఇసుక ఉన్నట్టు గరగర. ఇంకోటి, మూడో తీగ ఒక్క బెండ్ కొడితే చాలు, శృతి పోతోంది. పైగా బెండ్ కూడా చాలా గట్టిగా ఉంది, నీలందాని మీద అంత బలం అక్కర్లేదు.

నా ఇప్పటి గిటార్ లెస్‌పాల్ టైపు, ఎనిమిదేళ్ళ నుంచి అదొక్కటే. హార్డ్‌వేర్ చూసి కొనాలా, చేతి మాట వినాలా?

పిక్‌పోగొట్టుకున్నోడు:

చెయ్యి. ఎప్పుడూ చెయ్యే. ఇంట్లో రోజూ గోడ మీంచి దింపాలనిపించేది కొనుక్కో, స్పెక్ షీట్‌ని గోడకి తగిలించుకుని ఏం చేస్తావు. నా ఓటు ఎర్రదానికి. ఇంక ఆలోచించకు బ్రో, ప్రాక్టీస్ చెయ్.

టంకంబాబాయ్:

తమ్ముడూ, తొందరపడకు. నేను గిటార్లు వాయించేది తక్కువ, విప్పేది ఎక్కువ, పదిహేనేళ్ళుగా ఇదే పని. నా దగ్గరికొచ్చే వాళ్ళలో సగం మంది నీలాగే హార్డ్‌వేర్ వేరు ఫీల్ వేరు అనుకునే వస్తారు. నువ్వు ఫీల్ అంటున్న దాంట్లో సగం సెటప్పే, ఆ సగం అరగంటలో మారిపోద్ది. మారనిదే నువ్వు చూసుకోవాల్సింది.

తీగలు, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగ ఎత్తు), రిలీఫ్ (నెక్‌లో ఉండే కొద్దిపాటి వంపు), నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు కూర్చునే గాళ్ళ పట్టీ), ట్యూనర్లు, పికప్పులు, స్విచ్చులు, ఇవన్నీ మారతాయి. బ్రిడ్జ్ కూడా మారుద్ది, కాకపోతే దానికి కొలతల తలనొప్పి ఉంటది. నెక్ లావు, నట్ దగ్గర వెడల్పు, రేడియస్, స్కేలు, బరువు, ఇవి మారవు, లేదా మార్చాలంటే కొత్త నెక్కే కొనాలి. ఫ్రెట్లు మధ్యలో ఉంటాయి, రీఫ్రెట్ చేయించొచ్చు గానీ కొత్త గిటార్‌కి ఆ పని ఎవడు చేయిస్తాడు.

ఇప్పుడు నీ చిరాకులు ఒక్కొక్కటి చూద్దాం.

గరగర. నికెల్ ఫ్రెట్ అంటాం గానీ అది నికెల్ సిల్వర్, దాంట్లో వెండి చుక్క కూడా ఉండదు, రాగి, నికెల్, జింక్ అంతే. షాపులో నెలల తరబడి వేలాడితే పైన మసకబారిపోద్ది, లేదంటే ఫ్యాక్టరీలో చివరి పాలిష్ సరిగ్గా చెయ్యరు. తీగ పక్కకి లాగినప్పుడు ఆ గీతల మీద రాసుకుంటది, అదే నీకు ఇసుకలా తగిలేది. ఫింగర్‌బోర్డ్‌కి టేపు అంటించి సన్నటి పేపర్‌తో రుద్ది పాలిష్ కొడితే అద్దంలా అయిపోద్ది. స్టీల్ ఉన్నితో రుద్దేటట్టయితే మాత్రం పికప్పుల మీద కూడా టేపు వెయ్యండి బాబూ, ఆ ఇనుప పొడంతా వెళ్ళి అయస్కాంతాలకి అతుక్కుంటే ఇంక జన్మలో రాదు, నేను ఒకసారి పళ్ళు తోముకునే బ్రష్షు పట్టుకుని సాయంత్రమంతా కూర్చున్నా. స్టెయిన్‌లెస్ మొదటి రోజు నుంచే జారుద్ది, అరగడం కూడా బాగా తక్కువ, అది నిజమే, కాదనను.

మూడో తీగ. అందరూ ట్యూనర్ల మీద పడతారు. ట్యూనర్ లోపల వార్మ్ గేరు ఉంటది, అది నువ్వు తిప్పితే తిరుగుద్ది గానీ తీగ లాగితే వెనక్కి తిరగదు. నూటికి తొంభై సార్లు దొంగ నట్‌లోనే ఉంటాడు. ఇలా పట్టుకో. మూడో తీగని శృతి చూపించే మీటరు పెట్టి కరెక్టుగా శృతి చెయ్యి. పన్నెండో ఫ్రెట్ దగ్గర గట్టిగా రెండు మూడు బెండ్లు కొట్టు. మళ్ళీ ఖాళీ తీగ మీటు. ఫ్లాట్ అయిందా? ట్యూనర్ ముట్టుకోకు. నట్‌కి ట్యూనర్‌కి మధ్యలో ఉన్న ఆ చిన్న ముక్క ఉంటది చూడు, దాన్ని వేలితో ఒకసారి నొక్కి వదిలెయ్. శృతి దానంతట అది పైకొచ్చేస్తే తీగ నట్ గాడిలో ఇరుక్కుంటోందని అర్థం. బెండ్ చేసినప్పుడు తీగ ఇటు జారింది, తిరిగి అటు వెళ్ళలేకపోయింది. ట్రెమొలో బార్ కిందికి నొక్కి వదిలితే దీనికి రివర్సులో షార్ప్ అవుద్ది. బెండ్ తర్వాత ఫ్లాట్, డైవ్ తర్వాత షార్ప్, ఈ రెండూ కనపడితే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు. శృతి చేసేటప్పుడు టింగ్ మని చిన్న చప్పుడు వస్తే అది కూడా అదే.

గాడిలో మెత్తటి పెన్సిల్ పొడి రాస్తే తాత్కాలికంగా తగ్గుద్ది. సరైన వైద్యం ఫైలు పెట్టి గాడి కాస్త వెడల్పు చెయ్యడం.

బెండ్ గట్టిగా ఉండటం గురించి ఒక్క ప్రశ్న. రెండిటి మీదా ఒకటే గేజి తీగలు ఉన్నాయా? నాకు డౌటు. ఎర్రదాని మీద 10-46 (సన్నతీగ, లావుతీగల లావు, ఇంచులో వెయ్యో వంతుల్లో) ఉంటే, నట్ 9-42కి కోసి ఉంటే, నీ మూడో తీగ కథ అక్కడే తేలిపోద్ది. 9 సెట్లో మూడో తీగ 16, 10 సెట్లో 17. ఒక్క పాయింటే కదా అనిపిస్తది గానీ గాడి బిర్రుగా ఉంటే ఆ ఒక్క పాయింటే చాలు.

ఆరు స్క్రూల ట్రెమొలోని అంత చులకనగా చూడకు. 1954లో స్ట్రాట్ వచ్చినప్పటి నుంచీ ఉన్నదే అది. ఆరూ ఒకే గట్టిగా బిగిస్తే పట్టేస్తది, అందుకే చాలామంది అటూ ఇటూ చివరి రెండిటి మీద బరువు పెట్టి మధ్య నాలుగూ కాస్త పైకి లేపి వదిలేస్తారు, అప్పుడు దాదాపు రెండు పోస్టుల దానిలాగే ఆడుద్ది. (అన్నట్టు అసలు దాన్ని ట్రెమొలో అనకూడదు, అది వైబ్రాటో, ట్రెమొలో అంటే వాల్యూమ్ ఊగడం. ఫెండర్ వాళ్ళు ఆ పేరు పెట్టేశారు, ఆంప్‌లో ఉన్న అసలు ట్రెమొలోకేమో వైబ్రాటో అని రాశారు, డెబ్భై ఏళ్ళుగా ప్రపంచమంతా అదే తప్పు మాట్లాడుతోంది, నేనూ మాట్లాడుతున్నా.)

స్టేజిచెమట:

బాబాయ్ చెప్పినవన్నీ కరెక్టే, కానీ నేను అవతలి పక్షం. రెండుసార్లు చేతి మాట విని కొన్నా, రెండూ ఏడాది లోపే అమ్మేశా. ఎందుకంటే షాపులో పావుగంటలో నీకు తెలిసేది గిటార్ గురించి కాదు, నీ అలవాటు గురించి. ఎనిమిదేళ్ళు లెస్‌పాల్ టైపు వాయించావు అంటున్నావు. అది లావు నెక్కేగా? ఇంక లావు నెక్ చేతిలో పెడితే ఇంటికొచ్చినట్టు ఉండక ఏం చేస్తది. నీలందానితో ఒక నెల ఉంటే అదీ అలవాటయిపోయేదేమో, ఎవరికి తెలుసు.

బెండ్ సంగతిలో కూడా అదే. నీ పాతదాని స్కేలు 24.75 అయ్యుంటది. ఈ రెండూ 25.5. అదే తీగ, అదే శృతి అయితే లాగుడు పొడవు వర్గాన్ని బట్టి మారుద్ది, లెక్కేస్తే పాతదాని మీద ఓ 6 శాతం తక్కువ. అంటే అక్కడ 10లు మెత్తగా అనిపించిన వేళ్ళకి ఇక్కడ అవే 10లు మొండిగా అనిపిస్తాయి. మన వేళ్ళు గిటార్ మీద తీర్పు చెప్తున్నాయనుకుంటాం, అవి పాత గిటార్‌తో పోల్చి సణుగుతున్నాయంతే.

ఇక హార్డ్‌వేర్ మార్చుకోవచ్చు అనే మాట. చెప్పడం ఈజీ. నేను రెండో గిటార్‌కి లాకింగ్ ట్యూనర్లు తెప్పించా, పెట్టె వచ్చింది, విప్పి చూస్తే హెడ్‌స్టాక్ రంధ్రాలు చిన్నవి. పాత తరహా ట్యూనర్లకి రంధ్రం సన్నగా ఉంటది, మోడర్న్ వాటికి దాదాపు 10 మిల్లీమీటర్లు కావాలి. సొంతంగా డ్రిల్ పట్టుకున్నా. ఫినిష్ పెచ్చులూడి వచ్చింది. ఆ మచ్చ చూపించే కొన్నవాడు బేరమాడాడు. తర్వాత తెలిసింది, పాత సైజు రంధ్రాలకి సరిపోయే లాకింగ్ ట్యూనర్లు విడిగా దొరుకుతాయని. బ్రిడ్జ్ కూడా అంతే, ఆరు స్క్రూల వాటిలో చివర నుంచి చివరకి 56 మిల్లీమీటర్లవి ఉన్నాయి, 52.5వి ఉన్నాయి, కింద బ్లాకు పొడవు బాడీ మందానికి సరిపోకపోతే వెనకాల మూత కూడా పట్టదు. ఒక్కోటి మార్చుకుంటూ పోతే చివరికి నీలందాని కంటే ఎక్కువ ఖర్చు పెట్టి నీలందాని దగ్గరికే వస్తావు.

స్టేజి మీద రెండు పాటల మధ్యలో తీగ తెగితే లాకింగ్ ట్యూనర్ విలువ తెలుస్తది. దూర్చు, బిగించు, అరచుట్టు తిప్పు, అయిపోయింది. బాబాయ్ అన్నట్టు అది శృతిని కాపాడదు, ఒప్పుకుంటా, టైమ్‌ని కాపాడుద్ది.

నువ్వు మళ్ళీ షాపుకి వెళ్తే ఒక పని చెయ్. నీకు బాగా వచ్చిన రిఫ్‌లు వాయించకు, అవి ఏ గిటార్ మీదైనా బాగానే వస్తాయి. కొత్తగా నేర్చుకుంటున్నది, ఇంకా తడబడుతున్నది వాయించు. మొదటి పది నిమిషాలు అస్సలు లెక్కలోకి తీసుకోకు. కనీసం అరగంట దాటాక, అప్పుడు నీ చెయ్యి ఏమంటదో విను. బెల్టు వేసుకుని నిలబడి కూడా వాయించు, స్టూలు మీద కూర్చుంటే అన్ని గిటార్లూ మంచివే.

క్లీన్‌టోన్:

ఇంత మాట్లాడారు, సౌండ్ గురించి ఒక్కళ్ళూ ఎత్తలేదేంటి 😄 

రెండూ హంబకర్ ప్లస్ సింగిల్ కాయిల్స్ కాబట్టి వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే రెసిస్టర్) ఎంతో కనుక్కోండి. హంబకర్‌కి సాధారణంగా 500 కిలో ఓమ్‌లది వేస్తారు, సింగిల్ కాయిల్‌కి 250ది. రెండూ కలిపిన గిటార్‌లో ఏదో ఒకదానికి రాజీ పడాల్సిందే, 500 వేస్తే సింగిల్స్ చెవులు గీరతాయి, 250 వేస్తే హంబకర్ దుప్పటి కప్పుకున్నట్టు ఉంటది. నాకు వ్యక్తిగతంగా 500 వేసి టోన్ నాబ్ కాస్త తగ్గించుకోవడం ఇష్టం. ఆంప్‌లో పెట్టక ముందు ప్లగ్ లేకుండా ఉత్తినే ఒక్కో తీగ మీటి వినండి, ఏ ఫ్రెట్ దగ్గర నోట్ తొందరగా చచ్చిపోతోందో అప్పుడే తెలుస్తది, ఆంప్ గెయిన్ ఆ తప్పులన్నీ కప్పేస్తది.

టంకంబాబాయ్:

మంచి మాట చెప్పావ్ క్లీన్‌టోన్. కానీ పికప్పులు ఆఖర్న. నాలుగు స్క్రూలు, రెండు మూడు టంకాలు, మారిపోతాయి. పేరు పెట్టుకున్నందుకైనా ఆ మాట నేను చెప్పాలి.

స్టేజిచెమటా, నీ డ్రిల్ కథ విని నా గుండె కలుక్కుమంది. అలాంటి కేసులు అతుకులు వేయించుకోడానికి నా దగ్గరికే వస్తాయి. రంధ్రం పెద్దది చెయ్యాలంటే డ్రిల్ కాదయ్యా, రీమర్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పాలి.

ఆరోతీగ:

వెళ్ళొచ్చా. శనివారం మధ్యాహ్నం వెళ్ళి సాయంత్రం దాకా అక్కడే ఉన్నా, షాపులో అబ్బాయి మంచోడు కాబట్టి సరిపోయింది, ఇంకొకడైతే గెంటేసేవాడు. బాబాయ్ గారికి ముందుగా దండం.

ఎర్రదాని మీద 10లే. ఎవరో కస్టమర్ అడిగితే మార్చారంట, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది 9లతోనే. మీరు చెప్పినట్టు బెండ్ కొట్టి, ఫ్లాట్ అయ్యాక నట్ వెనక వేలితో నొక్కా, మీటరు సూది టక్కున మధ్యలోకి వచ్చింది. షాపు అబ్బాయి కూడా నోరు తెరిచాడు. శృతి చేస్తుంటే ఆ టింగ్ కూడా వినిపించింది, ఇంతకుముందు షాపు గోలలో పట్టించుకోలేదు. డైవ్ కొట్టి వదిలితే షార్ప్, అదీ నిజమే.

తీగలు 9లకి మార్పించా (డబ్బులు నావే). మార్చగానే బ్రిడ్జ్ వెనక్కి కూలబడిపోయింది, యాక్షన్ పడిపోయి ప్రతి ఫ్రెట్ దగ్గరా బజ్. నేను భయపడ్డా, ఆ అబ్బాయి వెనక మూత తీసి స్ప్రింగుల కొక్కెం స్క్రూలు కొంచెం కొంచెం వదులు చేస్తే మళ్ళీ లేచి నిలబడింది. ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే కడ్డీ) కూడా అలెన్ కీ పెట్టి కొంచెం వదిలాడు. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో (తీగలన్నీ నొక్కి పట్టే క్లిప్పు) పెట్టి, చివరి ఫ్రెట్ నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు కొలిస్తే 0.25 మిల్లీమీటర్లు వచ్చింది. ఇంతకుముందు పన్నెండో ఫ్రెట్ దగ్గర సన్నతీగ యాక్షన్ 2.3 మిల్లీమీటర్లు ఉండేది, ఇప్పుడు 1.6, లావుతీగ 2. అదే గిటార్ అంటే నమ్మను, బెండ్లు సగం బలంతో వస్తున్నాయి. మూడో తీగ ఇంకా పూర్తిగా మారలేదు, పెన్సిల్ రాస్తే చాలావరకు నిలబడింది. ఫ్రెట్లు కూడా ఒక నాలుగైదు పాలిష్ చేసి చూపించాడు, అబ్బా, చేసిన వాటికి చెయ్యని వాటికి తేడా కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

నీలందాని మీద మొదట 9లే ఉన్నాయి, యాక్షన్ కూడా తక్కువే ఉంది. అంటే మొదటి రోజు నేను పోల్చింది సెటప్ చేసిన గిటార్‌ని, సెటప్ లేని గిటార్‌తో. సిగ్గనిపించింది.

కానీ ఈసారి నీలందాంట్లో ఒకటి దొరికింది. పద్నాలుగో ఫ్రెట్ దగ్గర సన్నతీగ మీద వైబ్రాటో కొడుతుంటే, కిందికి లాగినప్పుడు తీగ ఫింగర్‌బోర్డ్ అంచు దాటి జారిపోతోంది. నా వేలి తప్పేమో అనుకుని పదిసార్లు చేశా, ఆరుసార్లు జారింది. పై నుంచి చూస్తే లావుతీగ పక్కన చోటు ఎక్కువ ఉంది, సన్నతీగ పక్కన తక్కువ. ఇది మారే రకమా, మారని రకమా?

ఇంకో సంగతి, సామాన్లు తూచే చేతి తరాజు పట్టుకెళ్ళా (నవ్వకండి). నీలంది 3.9 కేజీలు, ఎర్రది 3.3. షాపులో వాయిస్తుంటే తెలియలేదు, బెల్టు వేసుకుని అరగంట నిలబడ్డాక తెలిసింది.

టంకంబాబాయ్:

అది మారే రకమే. బోల్ట్-ఆన్ నెక్ కదా, పాకెట్‌లో వెంట్రుకవాసి పక్కకి తిరిగి కూర్చుంది. తీగలు కొంచెం వదులు చేసి, వెనక నాలుగు స్క్రూలు ఓ పావుచుట్టు వదిలి, నెక్‌ని సన్నతీగ ఉన్న వైపుకి... కాదు ఆగు, తికమక పెట్టకూడదు. సన్నతీగ అంచు దగ్గర చోటు కావాలి కదా, అంటే తీగలు అవతలి వైపుకి జరగాలి. హెడ్‌స్టాక్ పట్టుకుని లావుతీగ ఉన్న వైపుకి మెల్లగా నెట్టి మళ్ళీ బిగించమను. తీగలు ఉన్న చోటే ఉండవు, నట్‌తో పాటు అవీ ఆ వైపుకి జరుగుతాయి, అందుకే పైన ఫ్రెట్ల దగ్గర మధ్యలోకి వచ్చేస్తాయి. రెండు నిమిషాల పని. అప్పుడు కూడా జారితే ఫ్రెట్ చివర్లు మరీ ఏటవాలుగా కోసేశారని అర్థం, అది మారదు, అలాంటప్పుడు వదిలెయ్.

ఫ్రెట్ చివర్ల మీద వేలు నెక్ పొడవునా రెండు వైపులా జార్చి చూడు. ఎక్కడైనా గుచ్చుకుంటే ఎండు వాతావరణానికి చెక్క కుంచించుకుపోయి ఫ్రెట్ బయటికి వచ్చిందన్నమాట. ఫైలుతో పోద్ది, కంగారేం లేదు, కానీ కొనే ముందు అడిగి చేయించుకో.

స్టేజిచెమట:

అయితే ఇప్పుడు రెండూ దాదాపు సమానంగా సెటప్ అయ్యాయి. ఇప్పుడు చెప్పు, తడబడే పాట వాయించావా?

ఆరోతీగ:

వాయించా అన్నా. నిన్న మళ్ళీ వెళ్ళా. ముందు నీలందాని నెక్ జరిపించా, బాబాయ్ గారు చెప్పినట్టే రెండు నిమిషాల్లో అయిపోయింది, ఇప్పుడు జారట్లేదు. ఫ్రెట్ చివర్లు కూడా రెండిటికీ నున్నగానే ఉన్నాయి.

ఒక లెగాటో (ప్రతి నోటూ మీటకుండా వేళ్ళతోనే కలిపి వాయించే) ఎక్సర్‌సైజు ఉంది, ఆర్నెల్ల నుంచి కుస్తీ పడుతున్నా, చిటికెన వేలు చాచాల్సినది. అది వాయించా. మొదటి పదిహేను నిమిషాలు నీలందే బాగుంది, సన్నటి నెక్ కదా, వేలు దూరం పోతోంది, ఈసారి నువ్వే రైటు అనుకున్నా. నలభై నిమిషాలు దాటాక బొటనవేలు మొదట్లో, అరచేయి కలిసే చోట, లాగడం మొదలైంది. సన్నటి నెక్ కాబట్టి నాకు తెలియకుండానే గట్టిగా నొక్కి పట్టుకుంటున్నా. కాసేపు ఆగి ఎర్రది తీసుకున్నా, ఆ నొప్పి ఉన్న చేత్తోనే. పట్టు దానంతట అదే వదులైంది. చిటికెన వేలు అంత దూరం పోలేదు, ఆ ఎక్సర్‌సైజు నీలందాని మీద కంటే చెత్తగానే వచ్చింది, కానీ ఇంకో గంట వాయించేవాణ్ణి.

గ్లాసీ ఫినిష్ మాత్రం చెమట పడితే అతుక్కుంటోంది. అది ఒక్కటే ఇప్పటికీ నచ్చట్లేదు.

టంకంబాబాయ్:

సన్నటి రఫ్ ప్యాడ్‌తో నెక్ వెనక మాత్రం పొడవునా ఒకే దిశలో రుద్దితే మెరుపు పోయి శాటిన్‌లా అవుద్ది. హెడ్‌స్టాక్ దగ్గర, హీల్ (నెక్ బాడీకి కలిసే చోటు) దగ్గర టేపు వేసి ఆపు. వెనక్కి తీసుకురాలేవు కాబట్టి, వాపసు గడువు అయిపోయాకే మొదలుపెట్టు.

స్టేజిచెమట:

బొటనవేలు లాగిందన్నావు, అక్కడితో నా వాదన అయిపోయింది. చేతికి నొప్పి పుట్టించే గిటార్‌కి లాకింగ్ ట్యూనర్లుంటే ఏంటి, బంగారం పూత ఉంటే ఏంటి. నేను అమ్మేసిన రెండిట్లో ఒకదానికి నాకు సరిగ్గా ఇదే అయ్యేది, అప్పుడు ప్రాక్టీస్ ఎక్కువై అనుకున్నా.

ట్యూనర్లు మార్చాలనుకుంటే మాత్రం ముందు స్కేలు పట్టుకుని రంధ్రం కొలువు. ప్లీజ్.

ఆరోతీగ:

ఎర్రది ఇంటికొచ్చేసింది 🙂 నట్ గాడులు వాళ్ళే ఫైలు పెట్టి సరిచేశారు, మిగతా ఫ్రెట్లు నిన్న రాత్రి నేనే పాలిష్ చేశా, పికప్పులకి మూడు వరసల టేపు వేసి మరీ. మూడో తీగ ఇప్పుడు ఎన్ని బెండ్లు కొట్టినా కదలట్లేదు. ట్యూనర్లు అవే ఉంచా, మార్చాలన్న కోరిక కూడా పోయింది.

ఒక్క చిన్న డౌటు. రాత్రి ఇంట్లో అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మ్యూట్ కొట్టి తీగలన్నీ ఆపేసినా గిటార్ లోపల్నుంచి ఎక్కడో ఉయ్ఁ మని సన్నగా మోగుతోంది. ఆంప్ ఆపేసి ఉన్నా వినిపిస్తోంది. ఏమైనా పాడైందా?

క్లీన్‌టోన్:

పాడవలేదు, వెనక ట్రెమొలో స్ప్రింగులు మోగుతున్నాయి, మినీ రివర్బ్ ఫ్రీగా వచ్చిందనుకో. మూత తీసి స్ప్రింగుల కింద చిన్న స్పాంజి ముక్క దూర్చు.

ఆరోతీగ:

గిటార్ వచ్చిన అట్టపెట్టెలో నల్ల స్పాంజి ఉంటే దాంట్లోంచి ఒక ముక్క కోసి పెట్టా. పోయింది.